తాళపత్రము – తాళంచెవి

1984 జనవరి 17న అమెరికా అత్యున్నత న్యాయస్థానం ఒక తీర్పు చెప్పింది. తొమ్మండుగురు న్యాయమూర్తులలో అయిదుగురు ఒక వైపు, నలుగురు మరొక వైపు నిలిచారు. టెలివిజనులో వచ్చే కార్యక్రమాన్ని తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో వీడియో టేపుపైకి ఎక్కించుకునే గృహస్థు ఎవరి హక్కునూ అపహరించినవాడు కాడనీ, ఆ యంత్రాన్ని అతనికి అమ్మిన సంస్థ కూడ దోషి కాదనీ ఆ అయిదుగురు తేల్చారు. గెలిచిన సంస్థ పేరు సోనీ.

2005 అక్టోబరు 31న మార్క్ రస్సినోవిచ్ అనే కంప్యూటరు నిపుణుడు, తన యంత్రంలో తాను పెట్టని వస్తువొకటి తన కంటికే కనబడకుండ దాగి ఉన్నదని కనుగొని లోకానికి చాటాడు. అది అతడు డబ్బిచ్చి కొనుక్కున్న పాటల సీడీలో నుండి వచ్చింది. ఆ సీడీని విడుదల చేసిన సంస్థ పేరు సోనీ బీఎంజీ.

మొదటి తేదీన గృహస్థు పక్షాన నిలిచి అతని హక్కును గెలిపించిన పేరే, ఇరవై రెండేళ్ళు నిండకుండానే అతని ఇంట్లో దొంగచాటుగా కాపలా పెట్టింది. ఈ రెండు తేదీల నడుమ ఏమి జరిగిందో చెప్పుకోవడమే ఈ టపా ఉద్దేశం. తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ప్రతులు వ్రాసుకోవడం వల్లనే బ్రతికి బట్టకట్టిన సాహిత్యాన్ని ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు చెప్పినవాడికి, ప్రతి తీయరాదు అనే మాట వింటే చెవులు నిక్కబొడుచుకోవడం సహజం.

సోనీ వారి బీటామాక్స్ యంత్రం 1975లో అంగళ్ళలోకి వచ్చింది. మరుసటి యేడే యూనివర్సల్, డిస్నీ చిత్రసంస్థలు దావా వేశాయి. 1979లో క్రింది కోర్టు సోనీ పక్షాన తీర్పు చెబితే, 1981లో పై కోర్టు దానిని త్రోసిపుచ్చింది. అత్యున్నత న్యాయస్థానం వాదనలు ఒకసారి విని చాలక, మళ్ళీ రెండవసారి విన్నది. న్యాయమూర్తులకే అంత తేలికగా తెగలేదన్నమాట. పసిపిల్లల కార్యక్రమాలు చేసి అమెరికాలో ఇంటింటా మన్నన పొందిన ఫ్రెడ్ రోజర్స్, తన కార్యక్రమాన్ని తల్లిదండ్రులు టేపు చేసుకుని పిల్లలకు వీలైన వేళ చూపితే తనకేమీ అభ్యంతరం లేదని సాక్ష్యం చెప్పాడు. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ ఆ సాక్ష్యాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

సినిమావారి భయం మాత్రం తక్కువది కాదు. వారి సంఘానికి పెద్దగా ఉన్న జాక్ వాలెంటీ 1982లో చట్టసభ ఉపసంఘం ముందు మాట్లాడుతూ, ఈ యంత్రాన్ని ఒంటరి స్త్రీల పాలిటి హంతకుడితో పోల్చాడు. అతిశయోక్తి అలంకారానికి ఉదాహరణగా తరగతిలో చెప్పదగిన మాట. తీర్పు వచ్చిన తరువాత కొద్ది యేళ్ళకే చిత్రసంస్థలకు వీడియో క్యాసెట్ల అమ్మకాలు, అద్దెలు పెద్ద రాబడి మార్గమైనాయి. తమ గొంతు నులమడానికి వచ్చిందనుకున్న యంత్రమే అన్నం పెట్టింది. అయినా ఆ భయం పోలేదు. కోర్టులో ఓడినచోట యంత్రంలోనే గెలవాలన్న ఆలోచన పుట్టింది. 1980ల నడుమ నుండి అమ్మకపు క్యాసెట్లలో మాక్రోవిజన్ అనే ఏర్పాటు చేరింది. తెరపై కనబడని గీతలలో కొన్ని మెరుపులు పెట్టి, రెండవ యంత్రం టేపు చేయబోతే దాని కన్ను చెదిరి, బొమ్మ ఒకసారి వెలుగై ఒకసారి చీకటై పోయేటట్లు చేస్తారు. చట్టం వద్దనని పనిని తాళం వద్దనడానికి ఇది తొలి మెట్లలో ఒకటి.

ఇక్కడినుండి కథ మలుపు తిరుగుతుంది. 1987లో జపాను సంస్థలు డాట్ అనే అంకరూప టేపును తెచ్చాయి. మామూలు క్యాసెట్టులో ఒకదానినుండి ఒకటి ఎక్కించుకుంటూ పోతే నాలుగవ చేతికి వచ్చేసరికి పాట కన్నా బుసబుసలు ఎక్కువ. మా కాలంలో ఘంటసాల పద్యాలు అట్లాగే ఊరంతా తిరిగేవి. ఆ బుసలలోనుండే ఆ గొంతును ఏరుకుని వినేవాళ్ళం. డాట్‌లో ఆ క్షయం లేదు. నూరవ ప్రతి కూడ మొదటి ప్రతి వలెనే ఉంటుంది. పాటల సంస్థలు బెంబేలెత్తాయి. సీబీఎస్ రికార్డుల సంస్థ ఒక ఉపాయం పన్నింది: ప్రతి పాటలోనూ సెకనుకు సుమారు 3,840 కంపనాల దగ్గర ఒక సన్నని పట్టీని కోసివేయడం, ఆ కోత కనబడిన పాటను ఎక్కించుకోకుండ యంత్రాలను నిర్బంధించడం. తాళం వేయడానికి తలుపులో కాదు, పాటలోనే కన్నం పెట్టారు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ 1988లో పరీక్షించి, ఆ కోత చెవికి తెలుస్తున్నదనీ, అది సరిగా పనిచేయడం కూడ లేదనీ, దాటుకుపోవడం సులభమనీ చెప్పడంతో ఆ ఉపాయం అటకెక్కింది. సంగీతం తెలిసినవాడు ఎవడైనా ఆ సలహా ఇచ్చి ఉండడని నా నమ్మకం.

అదే 1988లో సోనీ ఆ సీబీఎస్ రికార్డులను రెండు వందల కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి యేడు కొలంబియా చిత్రసంస్థను కూడ కొన్నది. ఇప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు కాపురం పెట్టారు. ఒకడు టేపు యంత్రాలు అమ్ముకునేవాడు, వాడికి జనం ఎంత ఎక్కించుకుంటే అంత లాభం. మరొకడు పాటలూ సినిమాలూ అమ్ముకునేవాడు, వాడికి జనం ఎక్కించుకుంటారేమోనన్నదే దిగులు. ఈ దాయాదుల పోరులో ఎవడిది పైచేయి అయిందో ముందు ముందు చూస్తాము.

డాట్ విషయంలో చివరకు 1992లో అమెరికా చట్టసభ ఒక రాజీ కుదిర్చింది. దాని ప్రకారం యంత్రం మాతృకనుండి ఒక ప్రతి తీయనిస్తుంది. ఆ ప్రతినుండి మరొక ప్రతి తీయబోతే మొరాయిస్తుంది. అనగా కొడుకు పుట్టవచ్చు గాని మనుమడు పుట్టరాదు.

ఈ నియమం చదివినప్పుడు నాకు మన లేఖకులు జ్ఞాపకం వచ్చారు. నన్నయభట్టు స్వహస్తంతో గంటం పట్టి వ్రాసిన ఆకు ఒక్కటైనా నేడు లేదు. తిక్కనదీ లేదు. మన వాతావరణంలో తాళపత్రం ఆయుష్షు మహా అయితే కొన్ని వందల యేళ్ళు. చెద, పురుగు, తేమ, అగ్ని — వీటిలో ఏదో ఒకటి దానికి రాసిపెట్టే ఉంటుంది. మన చేతికి వచ్చిన భారతం ప్రతికి ప్రతి, దానికి ప్రతి, ఆ ప్రతికి మరొక ప్రతి. మనుమలూ మునిమనుమలే గాని తాతలు లేరు. అందుకే తెలుగువాడు మూలప్రతిని మాతృక అన్నాడు. తల్లి అని పేరు పెట్టిన తరువాత సంతానాన్ని నిషేధించడం కుదరదు. గ్రంథం ముగించి లేఖకుడు చివర వ్రాసుకునే మాటలు మిత్రులలో చాలమంది ఎరిగే ఉంటారు: చూచినది చూచినట్లు వ్రాశాను, తప్పులుంటే నన్ను నిందించవద్దు, ఈ పుస్తకాన్ని నూనె నుండి, నీటి నుండి, సడలిన కట్టు నుండి కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని. ఆ వేడికోలులో దీనికి ప్రతి వ్రాయవద్దు అన్న మాట లేదు.

బ్రౌను దొర కడపలో పండితులను, లేఖకులను జీతమిచ్చి పెట్టుకుని, ఊరూరి నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన 1829లో వేమన పద్యాలు అచ్చువేయగలగడానికి కారణం, ఆ పద్యాలు ఒక పెట్టెలో ఒకే ప్రతిగా గాక, నూరు ఇళ్ళలో నూరు తప్పులతో ఉండడమే. తప్పుల ప్రతులు పది ఉంటే వాటినుండి ఒప్పును ఏరుకోవచ్చు. ఒక్కటే ఉండి అది పోతే ఏరుకోవడానికేమున్నది?

అయితే ఆ కాలాన్ని ఈ కాలానికి అచ్చుగుద్దినట్లు పోల్చడం న్యాయం కాదని నాకు తెలుసు. అప్పటి కవికి అగ్రహారం ఇచ్చే రాజున్నాడు. ఇప్పటి గాయకుడికి, రచయితకు పాఠకుడు ఇచ్చే రూకలే జీవనాధారం. వీడియో పార్లర్ల రోజులలో, కొత్త సినిమా విడుదలైన వారానికే మసకమసక క్యాసెట్టు అంగటిలో వ్రేలాడుతుంటే నిర్మాతలు పడిన బాధ నిజమైనది. దొంగ ప్రతి అమ్ముకునేవాడిని నేను లేఖకుడితో పోల్చడం లేదు. నేను అడిగేది ఒకటే: వేసిన తాళం ఆ దొంగను ఆపిందా, లేక డబ్బిచ్చి కొన్నవాడిని ఆపిందా?

దీనికి మంచి సాక్ష్యం డీవీడీ. దాని అన్న అయిన సీడీకి తాళం లేదు. 1982లో అది పుట్టినప్పుడు అవసరమని ఎవరికీ తోచలేదు. సీడీలో పట్టే సమాచారం సుమారు 650 మెగాబైట్లు. ఆ మరుసటి యేడు వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ యంత్రం లోపలి డిస్కులో పట్టేది 10 మెగాబైట్లు. ఒక్క సీడీని దింపుకోవాలంటే అటువంటి యంత్రాలు అరవై అయిదు కావాలి. ఇంత పెద్ద బిందెను ఎవరు ఎత్తుకుపోతారనుకున్నారు. తీరా 1990లలో డిస్కులు పెరిగి, ఎంపీ3 వచ్చి పాట పదో వంతుకు కుంచించుకుపోయి, 1999లో నాప్‌స్టర్ వచ్చాక గుండెలు బాదుకున్నారు. కాబట్టి 1996లో జపానులో తొలిసారి అమ్మకానికి వచ్చిన డీవీడీకి పుట్టుకతోనే తాళం వేశారు. పైగా లోకాన్ని మండలాలుగా పంచారు. అమెరికా మొదటి మండలం, భారతదేశం అయిదవ మండలం. మొదటి మండలంలో కొన్న డిస్కు అయిదవ మండలపు యంత్రంలో ఆడదు.

ఆ రోజులలో అమెరికానుండి వచ్చే పిల్లలు ఉన్న ఇళ్ళలో ఈ మండలాల సంగతి అందరికీ అనుభవమే. మా అమ్మాయి ఒకసారి మనుమల కోసమని అరడజను బొమ్మల సినిమాలు పట్టుకొచ్చింది. అన్నీ కొట్లో రొక్కమిచ్చి కొన్నవి, రశీదులతో సహా ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడి యంత్రంలో ఆడలేదు. ఏమని అడిగితే, మండలం వేరు అని తెరమీద అక్షరాలు. ఊరి బస్టాండు దగ్గర ముప్ఫై రూపాయలకు దొరికే దొంగ డిస్కుకు మాత్రం ఏ మండలమూ లేదు, ఏ తాళమూ లేదు. అది లంకలోనైనా ఆడుతుంది.

డీవీడీ తాళానికి వాడిన రహస్య సంఖ్య 40 ద్వ్యంకాల పొడవు. అంతకన్న గట్టి తాళం వేయడానికి అప్పటి అమెరికా ఎగుమతి నియమాలు కూడ ఆటంకమని చెప్పుకునేవారు. 1999 అక్టోబరులో దానిని విప్పే సాధనమొకటి అంతర్జాలంలో వెలువడింది. పేరు డీసీఎస్‌ఎస్. దానికి పేరు పెట్టుకున్నవాడు యోన్ లెక్ యోహన్‌సెన్ అనే నార్వే కుర్రవాడు. అప్పటికి వాడి వయస్సు పదిహేను. లినక్స్ వాడేవారికి డీవీడీ ఆడించుకునే సాధనం లేకపోవడం ఈ పనికి ఒక ప్రేరణ అని చెప్పారు. వాడిపై నార్వేలో అభియోగం మోపారు. 2003 జనవరిలో కోర్టు నిర్దోషి అన్నది, అదే యేడు డిసెంబరులో పై కోర్టూ అదే మాట అన్నది. తాను కొన్న డిస్కును తాను చూసుకోవడానికి తెరవడం తన ఇంటి తలుపు తాను తెరవడమేనని సారాంశం. అమెరికాలో మాత్రం 1998 చట్టం వేరు. అక్కడ తాళం విప్పడమే తప్పు, ఎందుకు విప్పావన్నది తరువాతి మాట. ఆ సాధనాన్ని ప్రచురించిన ఒక పత్రిక 2000లో న్యూయార్కు కోర్టులో ఓడిపోయింది.

ఈ గొడవలో నన్ను మిక్కిలి అలరించిన సంగతి ఒకటున్నది. ప్రోగ్రాము వ్రాయడం కూడ వాక్కే కదా, వాక్స్వాతంత్ర్యం దానికి లేదా అని వాదించినవారిలో సెత్ షోన్ అనే అతడు, ఆ తాళం విప్పే విధానమంతటినీ హైకూలలో వ్రాశాడు. నాలుగు వందలకు పైగా హైకూలు! ఇది కవిత్వమా, తాళంచెవా చెప్పండి అని న్యాయమూర్తులను అడిగినట్లయింది. మనకు ఇది వింత కాదు. పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని పద్యాలలో తెనిగించి దాదాపు తొమ్మిది వందల యేళ్ళు దాటింది. వైద్యమూ జ్యోతిషమూ ఛందస్సులోనే నడిచాయి. పద్యమైతే నోటికి వస్తుంది, నోటికి వచ్చినదానిని ఎవడూ జప్తు చేయలేడు.

ఇక పాటల సీడీల సంగతి. పుట్టినప్పుడు లేని తాళాన్ని ఇరవై యేళ్ళ తరువాత తగిలించబోయి పడిన పాట్లు చదివితే నవ్వు ఆగదు. 2001–02 ప్రాంతాన ఐరోపాలో, సీడీ వెలుపలి అంచున ఒక తప్పుడు పట్టాను చేర్చి, కంప్యూటరు దానిని చూచి తికమకపడేటట్లు చేశారు. సెలీన్ డియాన్ పాటల సీడీ ఒకటి ఆపిల్ యంత్రాలలో పెడితే యంత్రం స్తంభించి, సీడీని బయటికి కూడ ఉమ్మలేకపోయింది. కొన్నాళ్ళకే 2002లో ఒక రహస్యం బయటపడింది: ఆ అంచున నల్ల మార్కరు పెన్నుతో ఒక చుట్టు గీస్తే చాలు, తాళం పోతుంది. కోట్లు పోసి కట్టిన కోట గోడకు పదిరూపాయల పెన్ను కన్నం వేసింది. సీడీ ప్రమాణానికి జన్మనిచ్చినవారిలో ఒకరైన ఫిలిప్స్ సంస్థ, ఇటువంటి డిస్కులు అసలు సీడీలే కావు, వాటిపై మా చిహ్నం వేయవద్దు అన్నది. 2003లో వచ్చిన మరొక తాళాన్ని, డిస్కు పెట్టేటప్పుడు కీబోర్డుపై షిఫ్టు మీట నొక్కి పట్టుకుంటే చాలు, అది పనిచేయదని ప్రిన్స్‌టన్ విద్యార్థి అలెక్స్ హాల్డర్‌మన్ నిరూపించాడు. ఆ తాళం చేసిన సంస్థ అతనిపై కోటి డాలర్ల దావా వేస్తానన్నది. మరునాటికి ఎవరో మంచి చెప్పినట్లున్నారు, వెనక్కి తగ్గింది.

నవ్వు ఇక్కడితో సరి. 2004లో సోనీ సంగీత విభాగం, బీఎంజీ కలిసి ఒక సంస్థ అయినాయి. 2005లో వారు 52 శీర్షికల సీడీలలో ఎక్స్‌సీపీ అనే తాళం పెట్టారు. దానిని తయారుచేసింది ఒక ఇంగ్లండు సంస్థ. సీడీని విండోస్ కంప్యూటరులో పెట్టగానే ఒక ఒప్పందపత్రం తెరపైకి వస్తుంది. సరేనంటే ఒక సాఫ్ట్‌వేరు లోపలికి వెళ్ళి, యంత్రపు పునాదిలో కూర్చుంటుంది. అది తనను తాను దాచుకుంటుంది. దాచుకోవడానికి అది పాటించిన పద్ధతి ఇది: పేరు మొదట్లో ఒక ప్రత్యేకమైన గుర్తు ఉన్న ఏ దస్త్రమైనా సరే, యజమాని ఎంత వెదకినా కనబడదు. తన దస్త్రాలను మాత్రమే దాచి ఊరుకోలేదు. ఆ గుర్తు పేరున్న ఎవరి దస్త్రాన్నైనా దాచింది. కొద్ది రోజులలోనే దుష్టులు తమ వైరసులకు ఆ గుర్తు తగిలించి పంపసాగారు. కాపలావాడు కట్టిన చాటున దొంగలు చేరారు. తొలగించబోతే సీడీ డ్రైవే పనిచేయకుండ పోయేది. సంస్థవారు ఇచ్చిన తొలగింపు సాధనం మరొక కన్నం చేసిపెట్టింది.

ఇంతకూ ఆ ఒప్పందపత్రంలో ఏమున్నదో చదివిన న్యాయవాదులు కొన్ని వింతలు బయటపెట్టారు. ఇంట్లో దొంగలు పడి మీ సీడీ ఎత్తుకుపోతే, మీరు కంప్యూటరులోకి ఎక్కించుకున్న పాటలను కూడ వెంటనే తుడిచివేయాలట. సొమ్ము పోగొట్టుకున్నవాడు మిగిలినదానిని కూడ తగులబెట్టాలన్నమాట. లోపల యంత్రాన్ని దాచారన్న సంగతి మాత్రం అందులో లేదు. సంస్థ అధికారి ఒకరు రేడియోలో మాట్లాడుతూ, రూట్‌కిట్ అంటే ఏమిటో చాలమందికి తెలియనే తెలియదు, మరి వారికి దానితో పనేమిటి అన్న ధోరణి కనబరిచాడు. ఈ ఒక్క మాట వారికి చేసిన నష్టం ఆ సాఫ్ట్‌వేరు కూడ చేయలేదు.

అన్నిటికన్న పెద్ద చోద్యం మరొకటి. ఆ తాళపు సాఫ్ట్‌వేరును విప్పి చూచినవారికి, అందులో పరుల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుల ముక్కలు కనబడ్డాయి. ఆ ముక్కలకూ హక్కుదారులున్నారు, వాడుకోవడానికి నియమాలున్నాయి. వాటిని పాటించలేదు. ఆ ముక్కలలో ఒకటి వీఎల్‌సీ అనే సాధనానికి సంబంధించినది, దానిని వ్రాసినవారిలో మన నార్వే కుర్రవాడు ఒకడు! ప్రతులు తీయరాదని పెట్టిన తాళమే చాటుగా తీసిన ప్రతి.

నవంబరులో ఆ సీడీలను వెనక్కి పిలిపించారు. అప్పటికి అంగళ్ళకు చేరినవి సుమారు 47 లక్షలు, అమ్ముడుపోయినవి సుమారు 21 లక్షలు. టెక్సాసు రాష్ట్రం దావా వేసింది. 2007లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థతో రాజీ కుదిరి, యంత్రాలు పాడైనవారికి 150 డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఇంత జరిగినా, తమ యంత్రంలోని ఆ భూతాన్ని పరిశోధించే నిపుణులు 1998 చట్టం ప్రకారం తామే నేరస్థులవుతామేమోనని భయపడవలసి వచ్చింది. 2006లో అమెరికా గ్రంథాలయాధిపతి, సీడీ తాళాలలోని భద్రతాదోషాలను పరీక్షించడానికి, సరిదిద్దడానికి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చేదాక ఆ సందేహం వదలలేదు. తాళాల విషయంలో మినహాయింపు ఇచ్చే పని ఆ దేశంలో ఒక గ్రంథాలయాధికారికి అప్పగించడం నాకు ముచ్చటగా తోచింది.

ఆ తరువాత పాటలకు తాళాలు ఊడిపోవడం చకచకా జరిగింది. 2007 ఫిబ్రవరిలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్, పాటల సంస్థలు ఒప్పుకుంటే తాళాలు తీసివేస్తామని బహిరంగంగా వ్రాశాడు. ఆ సంస్థలు ఏటా అమ్మే కోట్లాది సీడీలకు తాళమే లేనప్పుడు, అంతర్జాలంలో అమ్మేవాటికి ఎందుకన్నది అతని తర్కం. ఈఎంఐ ముందు ఒప్పుకున్నది. నాలుగు పెద్ద సంస్థలలో చివరగా, 2008 జనవరిలో, ఒప్పుకున్నది సోనీ బీఎంజీ. 2009లో ఐట్యూన్స్ పాటలన్నిటికీ తాళాలు పోయాయి. పాటల లోకం మునిగిపోలేదు. తాళం అనే మాటకు మన భాషలో లయ అనే అర్థం కూడ ఉన్నది. పాటకు ఉండవలసిన తాళం అదొక్కటే అని ఆనాడు నేను ఒక మిత్రుడికి జాబు వ్రాశాను.

తొందరపడ్డానేమో. పాటనుండి ఊడిన తాళం పుస్తకానికి పడింది. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని, కొన్నవారి కిండిల్ పలకలలో నుండి వారికి చెప్పకుండ తుడిచివేసింది. హక్కులు లేనివాడెవడో అమ్మకానికి పెట్టాడన్నది కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు, తరువాత సంస్థ అధినేత క్షమాపణ కూడ చెప్పాడు. తుడిచివేసిన వాటిలో ఒకటి, పాత వ్రాతలను ప్రభుత్వమే తుడిచి తిరగరాసే లోకాన్ని వర్ణించిన 1984 నవల కావడం, ఏ కవీ కల్పించలేని శ్లేష. అంగడివాడు తప్పు సరుకు అమ్మితే వచ్చి బ్రతిమాలుకుంటాడు గాని, అర్ధరాత్రి మన అలమర తెరిచి పుస్తకం తీసుకుపోయి, బల్లమీద డబ్బు పెట్టి వెళ్ళడు. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ పుస్తకాల అంగడి మూసివేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, కొన్నవారి పుస్తకాలన్నీ మాయమైనాయి. 2023 డిసెంబరులో, ప్లేస్టేషనులో జనం కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలు ఆ నెలాఖరుకు పోతాయని సోనీ ప్రకటించి, గగ్గోలు పుట్టాక ఆ ప్రకటన ఉపసంహరించుకున్నది. అమ్మకం అన్న మాటే మారిపోయింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసి, ఇటువంటి సరుకును కొను అన్న మీటతో అమ్మేవాడు, ఇది నిజానికి అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పాలన్నది. అది 2025లో అమలులోకి వచ్చింది. తిరుపతి గుండులో వెంట్రుకంత ఊరట.

మన దేశం సంగతి చూద్దాము. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టానికి 2012లో చేసిన సవరణలో 65ఏ అనే విభాగం చేరింది. తాళం విప్పినవాడికి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. కాని మనవాళ్ళు ఒక మాట జాగ్రత్తగా చేర్చారు: హక్కును అతిక్రమించాలన్న ఉద్దేశంతో విప్పితేనే నేరం. చట్టం నిషేధించని పనికోసం విప్పుకుంటే నేరం లేదు. ఇతరుల కోసం విప్పిపెట్టేవాడు మాత్రం, ఎవరికి విప్పాడో, ఎందుకు విప్పాడో, వారి పేరూ చిరునామాతో సహా లెక్క వ్రాసుకోవాలి. బజారులో గొడుగులూ తాళాలూ బాగుచేసే సాయెబుగారిచేత కూడ పోలీసువారు అటువంటి పుస్తకం పెట్టించి ఉంటే బాగుండేదని నవ్వుకున్నాను గాని, మొత్తంమీద ఇది అమెరికా చట్టం కన్న ధర్మమైన మార్గమే. ఎందుకు విప్పావన్న ప్రశ్న ఇక్కడ మొదటి ప్రశ్న.

తాళం అంటే చట్టం గుర్తించినదే కానక్కరలేదని తొలినాళ్ళ తెలుగు అంతర్జాలం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. 2000 తరువాతి కొన్ని యేళ్ళలో ప్రతి పత్రికకూ ఒక ఫాంటు, ప్రతి ఫాంటుకూ ఒక సొంత సంకేతలిపి. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే పిచ్చిగీతలు. ఒక వాక్యం ఎత్తి మరొకచోట పెడితే అది తెలుగు కాదు, వెదికితే దొరకదు. దొంగలను ఆపడానికని ఎవరూ అనలేదు గాని, ఫలితం మాత్రం తాళం ఫలితమే. ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు తగిలించుకునే పద్మ అనే ఉపకరణం ఆ లిపులను యూనికోడులోకి మార్చి చూపితే, మూసిన తలుపులన్నిటికీ ఒకే చెవి దొరికినట్లయింది. ఆ రోజులలో యూనికోడు తెలుగులోకి మారిన వ్రాతలను నేడు ఎవరైనా చదవగలరు. మారనివి, ఆ ఫాంటులతో పాటే మూగవై పోయాయి.

2012 సవరణలోనే గ్రంథాలయాలకు సంబంధించిన ఒక వెసులుబాటు కూడ ఉన్నది, దానిని చాలమంది గమనించరు. లాభాపేక్ష లేని సార్వజనిక గ్రంథాలయం, ఒక గ్రంథాన్ని భద్రపరచడానికి దానికి అంకరూప ప్రతి తీసి దాచుకోవచ్చు. ఊళ్ళలో చెదపట్టిపోతున్న పాత పత్రికల కట్టలకు ఇది ప్రాణభిక్ష. అయితే ఒక షరతు: ఆ గ్రంథానికి అంకరూపం కాని ప్రతి, అనగా కాగితమో తాళపత్రమో, ఆ గ్రంథాలయం దగ్గర ముందే ఉండాలి. 1921 నాటి భీష్మప్రతిజ్ఞ చిత్రం, రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల తొలి ప్రయత్నం, నేడు చూద్దామంటే దొరకదు. దానికి ప్రతులు నిలవలేదు. ఇప్పుడు కాగితం మొగమే చూడకుండ, ఒక సంస్థ పలకలోనే తాళంతో పుట్టే తెలుగు పుస్తకాలూ పాటలూ యేటేటా పెరుగుతున్నాయి. వాటికి కాగితపు ప్రతి లేదు గనుక ఈ వెసులుబాటు వాటికి వర్తించదు. గ్రంథాలయం వాటిని కొని అలమరలో పెట్టుకుందామన్నా, అమ్మేది అనుమతి గాని ప్రతి కాదు. ఆ సంస్థ అంగడి కట్టేసిన నాడు ఏ లేఖకుడి దగ్గరకు వెళ్ళి అడగాలో ఆ సవరణలో వ్రాయలేదు.